గుల్లల గీత

"కొలకర్ర జానెడు ఎక్కువ ఎత్తులో పాతారు మామయ్యా" అని కోడలు చెప్పి పావుగంట అయింది. మామగారు ఇంకా జవాబివ్వలేదు. ఆయన చేతిలో టీ చల్లారి పైన మీగడ కట్టింది. అత్తగారు స్నానాలగది కన్నంలోంచి ఉబికొచ్చిన ఉప్పునీళ్లను చీపురుతో వెనక్కి తోస్తూ తనకేమీ వినపడనట్టే ఉంది. వినపడనట్టు ఉండటంలో ఆవిణ్ణి మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

పొద్దున్నే వంటింట్లో నిలబడి చెప్పాల్సిన మాట కాదది. ఆ సంగతి కోడలికీ తెలుసు. కానీ పదకొండింటికి బడి హాల్లో విచారణ. ఊరికీ సముద్రానికీ మధ్య మిగిలిన ఆ చిత్తడిని మట్టితో పూడ్చి ఇళ్లు కట్టుకోవచ్చా, కూడదా అన్నది ఇవాళ తేలిపోతుంది. పూడుస్తామంటున్న కంపెనీ చేతిలో ఉన్న బలమంతా మామగారి రిజిస్టర్లే. కాలవ మూతి దగ్గర పాతిన కొలకర్ర చూసి, రోజుకు రెండుసార్లు, ముప్పై నాలుగేళ్లపాటు ఒక్క గడి ఖాళీ వదలకుండా ఆయన రాసిన పోటు లెక్కలు. ఆ లెక్కలు చదివినవాడెవడైనా సముద్రం ఈ ఊరి జోలికి రావడం లేదనే అనుకుంటాడు. మీ లెక్క నిజమేనని ఒక్క మాట చెప్తే చాలు మాస్టారూ అని కంపెనీ వకీలు ఇంటికొచ్చి మరీ అడిగి వెళ్లాడు. ఊళ్లో ఆయన పేరే కొలకర్ర మాస్టారు.

నిన్న కోడలు సెలవు పెట్టింది. సర్వే ఆఫీసులో ఎత్తులు కొలిచే పని ఆమెది. కొండరాతి మీద చెక్కిన పాత గుర్తు దగ్గర మొదలుపెట్టి, ముప్పై ఎనిమిది చోట్ల యంత్రం నిలబెట్టి, కాలవ మూతి దాకా కొలుచుకుంటూ వచ్చింది. నమ్మకం చాలక తిరుగుదారిలో మళ్లీ కొలిచింది. రెండుసార్లూ అదే తొమ్మిది అంగుళాల తేడా. తోడొచ్చిన సర్వేయరు చివరి అంకె రాసి, పెన్ను జేబులో పెట్టుకుని, ముందు మీ మామగారికి చెప్పమ్మా, నేను చూడలేను ఆయన ముఖం అన్నాడు.

ఎనిమిదీ ఇరవై అయింది. మామగారు లేచారు. ఆ వేళకు లేవకుండా ఆయన్ని ఆపగలిగింది ఇంతవరకు ఏదీ లేదు. ఉద్యోగం అయిపోయి ఆరేళ్లయింది. కర్ర పక్కనే ఒక మిషన్ పెట్టారు, అదే రాసుకుంటుంది. అయినా ఆయన మానలేదు. పెరటి మెట్ల మీద నిలబడి, దూరాన్ని చూపే అద్దాలు కళ్లకు పెట్టుకుని కాలవ మూతి వైపు చూశారు.

"ఆరూ రెండు" అన్నారు.

ఎవరితోనూ కాదు. ఫోన్లో అవతలి మనిషికి చెప్పే గొంతుతో, కాస్త గట్టిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పారు. చెప్పి ఒక క్షణం ఆగారు, అవతల ఎవరో రాసుకుంటున్నట్టు. తర్వాత అద్దాలు దించారు.

పదకొండేళ్లుగా రోజూ ఇదే. ఆ వేళకు ఇంట్లో ఎవరూ మాట్లాడరు, కుళాయి తిప్పరు. పాప కూడా పుస్తకం మూసి కూర్చుంటుంది. నలుగురే ఉన్న ఇంట్లో ఐదో మనిషికి చోటు వదిలినట్టు కొంచెం కొంచెం జరిగి ఉంటారు. అత్తగారైతే పోటు తీసేదాకా పెరటి తలుపు గడియ వేయనివ్వదు. ఎందుకని కోడలు ఒకే ఒక్కసారి అడిగింది, కొత్తల్లో. వాడి దగ్గర తాళంచెవి లేదుగా అంది ఆవిడ, మామూలుగా. కోడలు మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ ఐదో మనిషి ఈ ఇంటి కొడుకు. కోడలి భర్త, పాపకు తండ్రి. చిత్తడికి అటు చివర తూము షట్టరు దగ్గర కాపలా ఉద్యోగం. పోటు ఏడడుగులకు చేరగానే షట్టరు దించెయ్యాలి, అదీ నియమం. షట్టరు దగ్గర్నుంచి కొలకర్ర కనిపించదు. అందుకని తండ్రికి ఫోన్ చేసి అడిగేవాడు. పదకొండేళ్ల కిందటి గాలివాన సాయంత్రం కూడా అలాగే అడిగాడు. కోడలు అప్పుడు ఈ వంటింట్లోనే ఉంది. ఫోన్లో సగమే విన్నది, ఇటువైపు సగం.

"ఆరున్నర. ఇంకా టైముంది."

షట్టరు సగం దిగి ఆగిపోయింది. దాన్ని తిప్పే చక్రానికి పిడి విరిగి ఉంది. మనిషి మూడో రోజు దొరికాడు. ఊళ్లోకి నీళ్లొచ్చి మరో పదకొండుమంది పోయారు. తర్వాత వేసిన కమిటీ, షట్టరు ఆలస్యంగా దించారని, కాపలా మనిషి నిర్లక్ష్యమని రాసి చేతులు దులుపుకుంది. ఆ ఒక్క మాట వాళ్ల ఇంటి గుమ్మంలో కూర్చుంది. తండ్రి కాపలాలో నిద్రపోయాడని, పాపను బడిలో ఇప్పటికీ నిద్ర షట్టరు కూతురు అంటారు.

మామగారు అంకె రాసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇక మాట్లాడక తప్పదని ఆయనకూ తెలిసింది.

"ముప్పై నాలుగేళ్లు" అన్నారు. "మీ అత్తయ్యకు ఆపరేషన్ అయిన రోజు కూడా రాశాను. ఒక్క ఖాళీ చూపించు."

"ఖాళీ ఉంటే బాగుండేది మామయ్యా."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. కోడలు ఆయన ముందు స్టూలు మీద కూర్చుంది. పాప పుట్టిన ఏడు పెద్ద తుఫాను వచ్చింది కదా, అప్పుడు పాత కర్ర కొట్టుకుపోయింది కదా అని గుర్తుచేసింది. కొత్త కర్ర ఎవరు పాతారని అడిగింది. ఆఫీసువాళ్లే వచ్చి పాతి ఉంటారని ఇన్నాళ్లూ అనుకున్నానని, మొన్న ఆఫీసులో వెతికితే అలాంటి కాగితమే లేదని చెప్పింది.

"ఆఫీసువాళ్లు రావడానికి నెల పట్టేది" అన్నారు ఆయన. "నెల రోజులు గడులు ఖాళీగా ఉంచమంటావా? నేనే పాతాను. నాకు రాదా?"

"దేన్ని చూసి పాతారు?"

"గుల్లల గీత చూసి." ఆయన గొంతులో గర్వం పోలేదు. "వంతెన కాలు ఉంది కదా, ఆ రాతికి గుల్లలు అంటుకుని ఉంటాయి. పైన సూటిగా తెగిపోతాయి, ఎవరో గీత గీసినట్టు. నేను ఉద్యోగంలో చేరిన రోజున మా పెద్ద సర్వేయరు చూపించాడు. ఆ గీత సరిగ్గా ఐదడుగుల దగ్గర ఉంటుంది, ఎప్పుడైనా కర్ర పోతే దాన్ని చూసి పాతుకో అన్నాడు. ఆ గీతకు ఐదు కలిపి పాతాను. రాయి కదల్లేదుగా."

"రాయి కదల్లేదు. గుల్లలు కదిలాయి."

ఆయన కళ్లు చిట్లించారు.

కోడలు మెల్లిగా చెప్పింది. గుల్లలు ప్రాణమున్నవి మామయ్యా. నీళ్లు తగిలినంత ఎత్తు దాకా బతుకుతాయి, ఆ పైన ఎండిపోతాయి. నీళ్లు పెరిగితే అవీ పైకి పాకుతాయి. మీరు చేరిన నాటికి ఐదు దగ్గర ఉన్న గీత, తుఫాను నాటికి ఐదూ తొమ్మిది అంగుళాల దగ్గరకు ఎక్కింది. అక్కడ మీరు ఐదు అని పెట్టారు. ఇరవై ఏళ్లు సముద్రం పెరిగిందంతా ఒక్క పూటలో చెరిగిపోయింది. తర్వాత వచ్చిన మిషన్ను కూడా మీ కర్ర చూసే సరిచేశారు. ఆ తప్పు దానికీ అంటింది.

చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గిపోయింది. ఈ లెక్క ఎక్కడికి పోతుందో ముగ్గురికీ ఒకేసారి కనిపించింది.

"అయితే ఆ సాయంత్రం..." అన్నారు మామగారు.

"ఊరుకోండి" అంది అత్తగారు, స్నానాలగదిలోంచి.

కోడలు ఊరుకోలేకపోయింది. పదకొండేళ్లు ఊరుకున్న మనిషి. "ఆ సాయంత్రం ఆరున్నర కాదు మామయ్యా. ఏడూ మూడు. మీ అబ్బాయి అడిగేసరికే ఏడు దాటిపోయింది."

మామగారు టీ గ్లాసు కింద పెట్టారు. గది లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఏడుపు వినిపిస్తుందేమోనని కోడలు చెవులు రిక్కించి కూర్చుంది. ఏమీ వినిపించలేదు. అదే ఎక్కువ భయం వేసింది ఆమెకు.

అత్తగారు చీపురు గోడకు ఆనించి బయటికి వచ్చింది. కాళ్లకు బురద అంటింది. కడుక్కోలేదు. వంటింటి గుమ్మంలోనే కూర్చుని, కోడలి ముఖం చూడకుండా మాట్లాడింది.

"పాతేటప్పుడు కర్ర పట్టుకున్నది నేనే."

కోడలు తలెత్తింది.

"సుత్తి ఆయన కొట్టారు. నిలువుగా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలిగా. మీ ఆయన లేడు. నీకు ముందు రాత్రే నొప్పులొచ్చాయని ఆసుపత్రిలో నీ పక్కనే కూర్చున్నాడు. నడుము లోతు నీళ్లలో నిలబడి నేను పట్టుకున్నాను. గుల్లల దగ్గర వేలు పెట్టి, ఇదిగో ఇక్కడికి అని చూపించింది కూడా నేనే. ఆయనకు కళ్లజోడు తడిసిపోయి కనిపించలేదు." ఆవిడ కుడిచేతి చూపుడువేలు చూసుకుంది. "బయటివాళ్లు కర్ర ముట్టుకోకూడదు, అది ఆఫీసు నియమం. అందుకని ఎవరికీ చెప్పలేదు. తప్పు అని మాత్రం ఇప్పుడే తెలిసింది. దేవుడి మీద ఒట్టు, ఇప్పుడే."

ఆ వేలు చూస్తుంటే కోడలికి జాలి వేసింది, కోపమూ వచ్చింది. జాలి ముందు వచ్చిందో కోపం ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

అత్తగారు అసలు సంగతికి వచ్చింది. ఈ మాట హాల్లో చెప్పొద్దు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. చిత్తడి సంగతి పూడ్చొద్దంటున్న పీతలాయన, ఆ సంఘంవాళ్లు చూసుకుంటారు. నువ్వు కొలిచిన అంకె నువ్వు చెప్పుకో, ఎవరు పాతారో ఎందుకు?

"అంకె ఒక్కటే చాలదు అత్తయ్యా. కర్ర పోయిన నెలలో వంగి ఉండొచ్చుగా అంటాడు ఆ వకీలు. ఎప్పటినుంచి తప్పో చెప్పే మనిషి కావాలి. పాతినవాళ్లే చెప్పాలి. లేకపోతే ముప్పై నాలుగేళ్ల రిజిస్టరే నిలబడుతుంది, చిత్తడి పోతుంది. చిత్తడి ఉండబట్టే ఆ రోజు పదకొండుమందితో ఆగింది. అదీ లేకపోతే ఈసారి లెక్కపెట్టడానికి కూడా మనం ఉండం."

"ఆయన చచ్చిపోతారు."

"మీ అబ్బాయి చచ్చిపోయి పదకొండేళ్లయింది. నిర్లక్ష్యమన్న ఆ మాట ఆయన పేరు మీద అలాగే ఉండాలా?"

దానికి అత్తగారు అన్న మాట కోడలు బతికున్నంత కాలం మరిచిపోదు.

"పోయినవాడికి పేరెందుకమ్మా. ఉన్నవాడికి కావాలి పేరు."

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆవిడ తీసుకోవాలని కూడా అనుకోలేదు. పదకొండేళ్లుగా కొడుకు కోసం తలుపు తెరిచి ఉంచిన మనిషే ఇప్పుడు తన చేత్తో వాడిని బయటికి తోసేస్తోందని కోడలికి అనిపించింది. ఆమె లేచి, "పాపకి కావాలి" అని మాత్రం అని, పాప జడ వేయడానికి వెళ్లిపోయింది.

బడి హాల్లో విచారణ కాబట్టి పాపకు ఆ రోజు పాఠాలు లేవు. తానూ వస్తానంది. తాతయ్య మాట్లాడతారు కదా, వినాలి అంది. పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రి గొంతు గుర్తులేదు, ముఖం ఫోటోలో చూసిందే. తండ్రి తనకు చేసినట్టు పాపకు తెలిసిన సంగతి ఒక్కటే ఉంది. పుట్టిన రోజున పొద్దుటినుంచి సాయంత్రం దాకా పాపను చేతుల్లోంచి దించలేదట. నర్సు అడిగినా ఇవ్వలేదట. బయట తుఫాను అప్పుడే వెలిసింది, కరెంటు లేదు, పాపకు చెమట పడుతుందని పాత పేపరుతో విసురుతూనే ఉన్నాడట. ఏటా పుట్టినరోజుకు తల్లి ఈ కథ చెప్పాలి. ఒక్క ముక్క వదిలేసినా పాప అందిస్తుంది.

పదింటికి పీతలాయన వ్యాన్ తెచ్చాడు. చిత్తడిలో పీతలు పట్టుకు బతికే మనిషి, పూడ్చొద్దని మొదట అర్జీ పెట్టినవాడు. నోరు ఊరుకోదు. వకీలు వేసుకున్న బూట్లు చూశావా అమ్మా, ఆ బూట్లతో చిత్తడిలో దిగితే బూట్లు మాకు మిగులుతాయి, మనిషి పీతలకు మిగులుతాడు అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కోడలిని పక్కకు పిలిచి, నిజంగా కొలిచారటగా, మాస్టారు ఒప్పుకుంటారా అని అడిగాడు. కోడలు మూసి ఉన్న గది తలుపు వైపు చూసింది.

అప్పుడే గది తలుపు తెరుచుకుంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిజిస్టర్లు రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుని బయటికొచ్చారు. గడ్డం గీసుకున్నారు. చెంప మీద తెగి కొంచెం రక్తం వచ్చింది. అత్తగారు దగ్గరికెళ్లి తువ్వాలు అంచుతో అద్దింది. ఇద్దరూ ఏదో గొణుక్కున్నారు, కోడలికి వినిపించలేదు.

"పదండి" అన్నారాయన. "కర్ర తప్పని నేనే చెప్తాను."

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ముసలితనంలో, ఇంత గర్వం ఉన్న మనిషి, తన చేతులతో తన జీవితాన్ని చింపుకోవడానికి బయల్దేరారు. ఆయన చెప్పులు ముందుకు జరిపి పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆయన్ని నాన్నా అని పిలవాలనిపించింది.

వ్యాన్ చిత్తడి పక్కనుంచే వెళ్లింది. రోడ్డు మీద ఎర్రమట్టి లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఇంజన్లు ఆపలేదు. తీర్పు వచ్చాక రాకూడదా అని పీతలాయన సణిగాడు. పాప వేలితో లెక్కపెడుతూ ఇరవై ఆరు దగ్గర ఆగింది, ఇంకా ఉన్నాయి. చిత్తడిలో పోటు నీళ్లు గడ్డి దుబ్బుల మధ్యకు నెమ్మదిగా, చప్పుడు లేకుండా పాకుతున్నాయి. అటు చివర తూము చక్రం కనిపించే మలుపు వచ్చినప్పుడు అత్తగారు ఎప్పటిలాగే అటు వైపు కూర్చుని కూడా తల ఇటు తిప్పుకుంది.

హాలు నిండిపోయింది. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. విచారణ అధికారి మంచిమనిషిలాగే ఉన్నాడు. ఎక్కువసేపు సాగదీసేలా లేడు. కోడలి కొలతలు చూశాడు, కాగితం తిప్పి మళ్లీ చూశాడు. కంపెనీ వకీలు లేచి అనుకున్న మాటే అన్నాడు. కర్ర ఇవాళ తప్పుగా ఉండొచ్చు, పద్నాలుగేళ్ల కిందట తప్పుగా ఉందనడానికి రుజువేదీ?

అధికారి తల ఊపాడు. "పాతినప్పుడే తప్పు జరిగిందని మాస్టారూ, ఆయన ఇంటివాళ్లూ ఒకే మాట మీద చెప్పాలి. అప్పుడు రిజిస్టరు పక్కన పెడతాను. కొత్త కొలతలు వచ్చేదాకా ఒక్క తట్ట మట్టి పడదు. తలా ఒక మాట చెప్తే మాత్రం నేనేం చెయ్యలేను, రాసి ఉన్నదే ప్రమాణం."

కొలకర్ర మాస్టారిని పిలిచారు. ఆయన నడిచి వెళ్తుంటే హాల్లో సగంమంది లేచి దారి ఇచ్చారు. రిజిస్టర్లు బల్ల మీద పెట్టి వాటి మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

ఈ లెక్కలు సరైనవేనా అని అధికారి అడిగాడు.

"కావండి. తుఫాను తర్వాతవి కావు. కర్ర తొమ్మిది అంగుళాలు ఎక్కువ ఎత్తులో పాతడం జరిగింది."

హాలంతా గుసగుసలు. పీతలాయన బెంచీ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. కోడలు కళ్లు మూసుకుంది. ఇంతే కదా, ఇంకొక్క మాటే కదా అనుకుంది.

"ఎవరు పాతారు?"

మామగారి చూపు ముందు కోడలి మీదికి వచ్చింది, అక్కణ్ణించి అత్తగారి మీదికి పోయింది. అత్తగారు ఒళ్లో చేతులు దాచుకుని తల దించుకుంది.

"మా అబ్బాయి" అన్నారు ఆయన.

కోడలు కళ్లు తెరిచింది.

"నేను ఒడ్డున ఉన్నాను. వాడు నీళ్లలో దిగి పాతాడు. గుల్లలు చూసి పాతాడు. తొందరపడ్డాడు. కుర్రతనం." ఒక్కొక్క మాట విడదీసి, ఫోన్లో చెప్పినట్టే చెప్పారు. "నేను మళ్లీ చూసుకోవాల్సింది. చూసుకోలేదు. అంతవరకే నా తప్పు."

మీ అబ్బాయి అంటే ఆ తూము దగ్గర పోయిన అతనేనా అని అధికారి అడిగాడు. వాడేనండి అన్నారు. అధికారి ముందున్న పాత ఫైలు తిప్పి, అప్పుడు కూడా నిర్లక్ష్యం అనే రాశారు అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. హాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కోడలికి అదే గుచ్చుకుంది. ఒకసారి తప్పు చేసినవాడు రెండోసారి చేశాడంటే నమ్మడానికి జనానికి క్షణం పట్టలేదు.

ఆమె అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఉలిక్కిపడలేదు. పొద్దున గొణుక్కున్నది ఇదేనన్నమాట. భార్య వేలు బయటపడకుండా, తన చెయ్యి బయటపడకుండా, ఎవరూ అడగని, ఎవరికీ జవాబు చెప్పలేని కొడుకు మీదికి తోసేశారు. ఆమెకు ఒళ్లంతా మండిపోయింది. ఆ మంట కిందనే, ఆ ముసలాయన బల్ల మీది రిజిస్టర్ల అంచులు సర్దిందే సర్దుతున్నారని కూడా కనిపించింది.

"ఆయన భార్య మీరే కదమ్మా" అన్నాడు అధికారి. "మీ మామగారు చెప్పింది విన్నారుగా. ఇది మీకు తెలిసిన సంగతేనా? అవునంటే అవునని, కాదంటే కాదని చెప్పండి. రాసుకుంటాను."

ఆమె లేచి నిలబడింది. కాదు అనడం ఎంత తేలిక. ఆ రోజు ఆయన నా పక్కన ఉన్నాడు అంటే చాలు. కానీ ఒకే మాట మీద ఉండాలన్నాడు అధికారి. కంపెనీ వకీలు అప్పుడే ముందుకు వంగి ఆమె ముఖమే చూస్తున్నాడు, ఆ ఒక్క మాట కోసం. కిటికీలోంచి లారీల ఇంజన్ల మోత వినిపిస్తోంది. పీతలాయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ఊరి కోసమే కదా నువ్వు ఆ చక్రం పట్టుకుని వేలాడింది, అని ఆమె మనసులోనే భర్తను అడిగింది. ఈ చిత్తడీ ఊరి కోసమే. ఇంకొక్కసారి ఓర్చుకో. ఈ ఒక్కసారికి.

"అవునండి" అంది.

వకీలు వెనక్కి వాలి ఫైలు మూశాడు. అధికారి రాసుకున్నాడు. రిజిస్టరు తెరిపించి, కర్ర తిరిగి పాతబడినది అని మామగారు అంచున రాసుకున్న చోటు వెతికి, ఆ తేదీ పైకి చదివాడు. రోజు, నెల, సంవత్సరం. ఆ రోజున కొడుకు చేతనే కర్ర పాతించినట్టు తండ్రి చెప్పగా భార్య ఒప్పుకున్నది అని గుమాస్తాకు చెప్పి రాయించాడు.

వెనక వరసలో పాప లేచి నిలబడింది. కోడలు తల తిప్పి చూసేసరికి పిల్ల ముఖంలో కోపం లేదు. లెక్క తేలని పిల్ల ముఖంలా ఉంది.

"అమ్మా" అంది పాప, "ఆ రోజు నేను పుట్టాను కదా."

గట్టిగా అనలేదు. కానీ ఆ హాల్లో అప్పుడు ఫ్యాన్లు తప్ప వేరే చప్పుడు లేదు. మొదటి వరసలో కంపెనీ వకీలు, మూసిన ఫైలు మళ్లీ తెరిచాడు.